నడుముకి కట్టిన సెన్సార్‌కి రేవు మెట్ల సంగతి తెలియదు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో వచ్చిన కొడుకు తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న చేతికి ఒక స్మార్ట్‌వాచ్ పెట్టి వెళ్ళడం ఇప్పుడు కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ మామూలైపోయింది. పెద్ద మండువా లోగిలి, అందులో డెబ్బై దాటిన ఇద్దరే, పనిమనిషి పొద్దున్నే వచ్చి పదింటికల్లా వెళ్ళిపోతుంది, ఇక పిల్లలకి టెన్షన్ లేకుండా ఎలా ఉంటుంది? "పడితే వెంటనే నాకు ఫోన్ వచ్చేస్తుంది నాన్నా" అని ధైర్యం చెప్తారు. ఆ మాట కొంతవరకు నిజమే. కాకపోతే ఆ వాచీ చేసేది పడ్డాక కబురు పెట్టే పని. పడబోయే మనిషిని ముందే గుర్తుపట్టడం పూర్తిగా వేరే పని. దానికి వాడే లెక్కలు వేరు, సెన్సార్ పెట్టుకోవలసిన చోటు వేరు, వచ్చిన జవాబుని ఎంతవరకు నమ్మొచ్చన్నదీ వేరే. అమ్మేవాళ్ళు రెండింటినీ ఒకే ఊపులో కలిపి చెప్తారు, కొనేవాళ్ళు అలాగే వింటారు.

కబురు విషయంలో కూడా ఒక చిన్న మెలిక ఉంది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండైతే డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. అలర్ట్ వెళ్ళే మొదటి నంబర్ పక్కింటివాళ్ళదో, వీధి చివర మెడికల్ షాపు కుర్రాడిదో అయితే 108కి ఫోన్ చేసేవాళ్ళుంటారు. కొడుకు నంబర్ రెండోది.

ముందే గుర్తుపట్టాలన్న తాపత్రయం ఎందుకంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, అందులో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే. అనుకోని గాయాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాత వరస దీనిదే. 65 దాటినవాళ్ళలో ఏడాదికి 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడతారని కూడా ఆ సంస్థ చెప్పింది. వీటిలో చాలావాటికి డాక్టర్ దాకా వెళ్ళే పని ఉండదు. నడుం పట్టేస్తుంది, ఏదో మందు రాసుకుని పడుకుంటారు, పిల్లలకి చెప్పరు, చెప్తే "అక్కడెందుకు, మా దగ్గరకి వచ్చెయ్యండి" అంటారని భయం. తుంటి విరిగితే మాత్రం దాచడానికి ఏముంటుంది. రాజమండ్రో కాకినాడో తీసుకెళ్ళి రాడ్డు వేయించాలి, లేదా బంతి మార్పించాలి, ఆ తరవాత నెలల తరబడి మంచం, మంచంలో పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. చాలామంది మళ్ళీ మునుపటిలా నడవరు.

సెన్సార్లు రాకముందు నుంచీ దీనికి పరీక్షలున్నాయి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే పరీక్ష 1991 నుంచి వాడుకలో ఉంది, 'టైమ్డ్ అప్ అండ్ గో' అంటారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ పద్ధతిలో 12 సెకన్లు, ఆపైన పడితే జాగ్రత్తపడాలి. నడక వేగం ఇంకో కొలత. సెకనుకి 0.8 మీటర్ల కంటే తగ్గితే, అంటే నాలుగు మీటర్లకి ఐదు సెకన్లు దాటితే, లెక్కలోకి తీసుకోవలసిందే. ఒక స్టాప్‌వాచ్, ఒక కుర్చీ చాలు. చిక్కు ఎక్కడంటే డాక్టర్ ముందు నడిచే నడక వేరు, ఇంట్లో నడిచే నడక వేరు. తెల్ల కోటు కనపడగానే పెద్దాయన ఛాతీ విరుచుకుని పెళ్ళిచూపులకి వచ్చినట్టు నడుస్తాడు. అదే మనిషి రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో దొడ్డివైపు వెళ్ళేటప్పుడు ఎలా నడుస్తాడో ఎవరికీ తెలియదు. ఒంటికి పెట్టుకునే సెన్సార్ మీద పరిశోధకులకి ఆశ పుట్టింది సరిగ్గా ఇక్కడే. చూసేవాళ్ళు లేనప్పటి నడకని కూడా అది రాసిపెడుతుంది.

లోపల ఉండేవి ప్రధానంగా రెండు. యాక్సిలరోమీటర్ వేగంలో వచ్చే మార్పుని కొలుస్తుంది, గైరోస్కోప్ ఒళ్ళు తిరిగే వేగాన్ని కొలుస్తుంది. రెండూ కలిపి గోరంత చిప్‌లో పట్టేస్తాయి, విడిగా కొంటే కొన్ని వందల రూపాయల సరుకు. యాక్సిలరోమీటర్ని కదలకుండా బల్ల మీద పెట్టినా 9.8 చూపిస్తుంది, అది భూమి ఆకర్షణ. మనిషి పడేటప్పుడు రెప్పపాటు కాలం ఆ అంకె బాగా పడిపోతుంది, నేలకి తగలగానే ఒక్కసారి ఎగుస్తుంది, ఆ తరవాత కదలిక ఉండదు. ఈ మూడూ వరసగా కనపడితే వాచీ "పడ్డారా?" అని అడుగుతుంది, జవాబు రాకపోతే ఫోన్ చేస్తుంది. ఆపిల్ వాచీలో 2018 నుంచి ఈ ఏర్పాటు ఉంది. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడ్డవాళ్ళ దగ్గర, మంచం అంచు నుంచి జారిపోయినవాళ్ళ దగ్గర ఆ ఎగిసే అంకె ఉండదు కాబట్టి వాచీ ఊరుకునే అవకాశం ఎక్కువ. ముసలివాళ్ళు పడే తీరు తరచుగా అలాగే ఉంటుంది మరి.

ముప్పు అంచనా వేసే లెక్క దీనికి దాదాపు తలకిందులు. అందులో పడటం కోసం వెతకరు, మామూలు నడకలో నిలకడ కోసం వెతుకుతారు. సెకనుకి యాభై నుంచి వంద సార్లు కొలత తీసుకుంటే ప్రతి అడుగుకీ నడుం ఎలా లేచి దిగుతోంది, కుడి అడుగుకీ ఎడమ అడుగుకీ పోలిక ఉందా, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు, ఎంత సేపు, లేచి నిలబడేటప్పుడు ఒక్క ఊపులో లేస్తున్నారా రెండు మూడు ప్రయత్నాలు చేస్తున్నారా, ఇవన్నీ బయటికి తీయొచ్చు. 2001లో హాస్‌డార్ఫ్ బృందం 52 మంది పెద్దవాళ్ళ నడకని పాదాల కింద పెట్టిన ఒత్తిడి సెన్సార్లతో కొలిచి, తరవాత ఏడాది పాటు ఎవరు పడ్డారో కనుక్కుంది. ఒక కాలు నేలని తాకిన దగ్గర్నుంచి అదే కాలు మళ్ళీ తాకేదాకా పట్టే సమయం ప్రతిసారీ కొంచెం మారుతుంది కదా, ఆ తేడా పడినవాళ్ళలో 106 మిల్లీసెకన్లు, పడనివాళ్ళలో 49. కంటితో చూస్తే దొరికే తేడా కాదది. యంత్రం పనికొచ్చేది ఇలాంటి చోటే, అందులో సందేహం లేదు.

అయితే యంత్రం లేకుండా తేలిన సంగతి ఇంకోటుంది, అది చాలామందికి తెలియదు. 1997లో స్వీడన్‌లో ఒక పరిశోధన బృందం సంరక్షణ గృహంలో ఉండే 58 మంది వృద్ధులతో పక్కనే నడుస్తూ మాట కలిపింది. మాట్లాడటం కోసం నడక ఆపేసినవాళ్ళు 12 మంది. ఆ తరవాతి ఆరు నెలల్లో వాళ్ళలో 10 మంది పడ్డారు. నడక అలవాటుగా సాగిపోయే పని కాకుండా బుర్ర పెట్టి చేయవలసిన పనిగా మారిపోయిందని దానర్థం, మాటకి మిగిలే శ్రద్ధ లేదు. కాలవగట్టు మీద తాతగారితో నడుస్తూ "ఈసారి బస్తా ఎంత పలికింది?" అని అడిగి, నడుస్తూనే చెప్పారా, ఆగి చెప్పారా చూస్తే సరిపోతుంది. (ధాన్యం ధర మాట వస్తే కోపంతో ఆగేవాళ్ళూ ఉంటారు, వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యాలి.)

ఇక మన గోదావరి డెల్టాలో అసలు సమస్య సెన్సార్ ఎక్కడ కట్టాలన్న దగ్గరే మొదలవుతుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే చోటు నడుం వెనక భాగం, వెన్నెముక కింది పూసల మీద, ఎందుకంటే ఒంటి బరువుకి కేంద్రం దానికి దగ్గర్లో ఉంటుంది, ఒళ్ళు ఎటు ఊగినా అక్కడ తెలుస్తుంది. మణికట్టు దీనికి అంత మంచి చోటు కాదు. చేయి అన్నం కలుపుతుంది, దోమని కొడుతుంది, చేతికర్ర పట్టుకుంటుంది, కబుర్లు చెప్తూ గాల్లో తిరుగుతుంది, వీటన్నిటి మధ్య అడుగుల నిలకడ వెతకడం కష్టం. ఐఫోన్‌లో 2021లో 'వాకింగ్ స్టెడీనెస్' అని ఒకటి వచ్చింది, నడక నిలకడగా ఉందా, తగ్గిందా, బాగా తగ్గిందా అని మూడు మెట్లలో చెప్తుంది. అది పనిచేయాలంటే ఫోన్ నడుముకి దగ్గరగా, ప్యాంటు జేబులో ఉండాలి. పంచెకి జేబేది? లుంగీకి జేబేది? ఆయన ఫోన్ చొక్కా జేబులో ఛాతీ మీద ఊగుతూ ఉంటుంది, ఇంట్లో ఉన్నంతసేపూ చొక్కా చిలక్కొయ్యకి తగిలించి ఉంటుంది కాబట్టి ఫోన్ కూడా అక్కడే. ఆవిడ ఫోన్ టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. ఆవిడ ఒంటి మీద రోజంతా ఉండేవి ఏమైనా ఉన్నాయంటే మెడలో గొలుసు, చేతికి గాజులు, నడుముకి దోపుకున్న తాళాల గుత్తి.

మొలతాడు ఉంది కదా అనిపిస్తుంది ఎవరికైనా. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, స్నానానికి కూడా తీయరు, సరిగ్గా కావలసిన చోటే ఉంటుంది. ఆలోచన బాగుంది గానీ మొలతాడు వదులుగా తిరుగుతుంది, దానికి వేలాడే వస్తువు తన ఊగుడు తాను ఊగుతుంది, సెన్సార్‌కి నడుం కదలికా తన కదలికా కలిసిపోతాయి. ఒంటికి అతుక్కుని ఉండాలి అంటే మెత్తటి ఎలాస్టిక్ బెల్టు కావాలి. మే నెలలో, ఆ ఉక్కపోతలో, చెమటకి ఒళ్ళంతా చెమటకాయలు లేచే రోజుల్లో, వారం పాటు బెల్టు కట్టుకోమని ఎవరికి చెప్పగలం? సముద్రం దగ్గర ఊళ్ళలో అయితే మరీను. కార్తీకమాసం తరవాత అడిగితే ఒప్పుకుంటారేమో.

బూట్లలో పెట్టే సెన్సార్ల గురించి ఒక్క వాక్యం చాలు: ఇంట్లో ఉత్త కాళ్ళతో, బయట హవాయి చెప్పులతో తిరిగే మనుషులకి అవి పనికిరావు.

నేల గురించి మాత్రం ఒక్క వాక్యం చాలదు. నడక నిలకడగా లేదంటే మనిషిలో నిలకడ లేదని మోడల్ (నడకల రికార్డుల నుంచి నేర్చుకుని ముప్పు లెక్కగట్టే ప్రోగ్రాం) అనుకుంటుంది, ఎందుకంటే అది నేర్చుకున్న నడకల్లో చాలావరకు చదునైన వరండాల్లో, పేవ్‌మెంట్ల మీద నడిచినవి. చేలగట్టు మీద నడక అలా ఉండదు. గట్టు జానెడు వెడల్పు, పక్కన బోదె, ఒకచోట ఎండ్రకాయ బొరియ, ఒకచోట నీళ్ళు మళ్ళించడానికి కోసిన గండి. అరవై ఎనిమిదేళ్ళ రైతు దాని మీద ఒక అడుగు పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి అడ్డంగా వేస్తూ ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళిపోతాడు. సెన్సార్ కాగితం మీద అది అడుగుకో తీరు, నిలకడ లేని నడక. నిజానికి ఆ రైతు కాళ్ళకీ కళ్ళకీ ఉన్న పొందిక పట్నంలో ట్రెడ్‌మిల్ మీద నడిచే అదే వయసు మనిషికి ఉండకపోవచ్చు. లంక గ్రామాల్లో అయితే రోజులో కొంత భాగం ఇసుకలో నడక, కొంత పడవలోనో పంటు మీదో నిలబడటం. పడవ ఊగితే నడుం ఊగుతుంది, ఆ ఊగుడుని మనిషి తూలుడుగా లెక్కేస్తే అంతే సంగతులు. ఆటోలో గతుకుల రోడ్డు మీద వెళ్ళిన ప్రయాణాన్ని నడకగా ఎంచే అవకాశమూ ఉంది.

దీనికి సరిగ్గా ఎదురు పక్క, ఇంట్లోంచి కదలని ఆవిడ. వంటింటి నుంచి వసారా, వసారా నుంచి నూతి గట్టు, అక్కణ్ణుంచి దేవుడి గది. ఒక్కో నడక పది పన్నెండు అడుగులు, మధ్యలో రెండు మలుపులు, ఒక గడప. నడక నాణ్యత లెక్కగట్టే పద్ధతుల్లో చాలావాటికి ఆగకుండా కొంతసేపు సాగే నడక కావాలి. 2013లో వైస్, హాస్‌డార్ఫ్ బృందం 71 మంది నడుముకి మూడు రోజులు సెన్సార్ కట్టి చేసిన పరిశోధన ఈ రంగంలో పేరున్నది, అందులో కనీసం నిమిషం పాటు సాగిన నడకలనే తీసుకున్నారు. మన ఇళ్ళలో డెబ్బై అయిదేళ్ళ ఆడవాళ్ళలో రోజు మొత్తంలో నిమిషం పాటు ఏకబిగిన నడిచేవాళ్ళు ఎంతమంది? అందరికంటే ఎక్కువ ముప్పు ఉన్న మనిషి దగ్గరే లెక్కకి సరిపడా సమాచారం దొరకదన్నమాట.

కూర్చుని లేవడం కూడా అంతే. ఆ పరీక్షలన్నీ కుర్చీ చుట్టూ కట్టినవి. ఇక్కడ పెద్దవాళ్ళు పీట మీద కూర్చుంటారు, నేల మీద బాసింపట్టు వేస్తారు, కూరగాయలు తరుగుతూ గొంతుక్కూర్చుంటారు. అక్కణ్ణుంచి లేవడంలో ఒక చేయి నేలకి, ఒకటి మోకాలికి ఆన్చి, పక్కకి ఒరిగి లేచే పద్ధతి ఏ మోడల్లో ఉంది? నేల మీద చతికిలబడితే దాన్ని వాచీ పడటం అనుకుని అలారం మోగించిన సందర్భాలు వినడానికి నవ్వొస్తుంది గానీ, నాలుగు సార్లు అలా మోగితే ఐదోసారి కొడుకు ఫోన్ ఎత్తడు. నేల మీద కూర్చుని లేవడాన్ని మార్కులతో కొలిచే పరీక్ష బ్రెజిల్‌లో తయారైంది, కూర్చోవడానికి అయిదు, లేవడానికి అయిదు మార్కులు, చేయో మోకాలో ఆసరా తీసుకున్న ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. మనకి కుర్చీ పరీక్ష కంటే అదే దగ్గర. దానికి సెన్సార్ జోడించి చూడటం మన ఫిజియోథెరపీ కాలేజీల పిల్లలకి మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఇవన్నీ సరిచేసినా ఇంకో సంగతి మిగులుతుంది, దీని మీద నిలబడి ఆలోచించాలి. సెన్సార్ మనిషిని కొలుస్తుంది, చోటుని కొలవదు. డెల్టాలో పడే ముప్పులో చాలా భాగం చోటులోనే ఉంది. కాలవలకి నీళ్ళు వదిలాక రేవు మెట్ల మీద పాచి పడుతుంది, వేసవిలో కాలవలు కట్టేస్తే అదే రేవు పొడిగా ఉంటుంది. మనిషి అదే, నడక అదే, ముప్పు మాత్రం నెలకో రకం. మండువాలో వాన నేరుగా నడిమి గచ్చులో పడుతుంది, చుట్టూ వసారా అంచు తడిసి నిగనిగలాడుతుంది. పాత గచ్చు గరుకుగా ఉండేది కాబట్టి కాలు ఆనేది, ఇప్పుడు పిల్లలు ముచ్చటపడి దాని మీద నున్నటి టైల్స్ వేయించారు. మరుగుదొడ్డి చాలా ఇళ్ళలో ఇప్పటికీ పెరట్లో ఒక మూల, మధ్యలో కొబ్బరి మట్టలు, తెగిపడిన చీపురు పుల్లలు, రాత్రి కరెంట్ పోతే చీకటి. అదే మనిషిని తీసుకెళ్ళి కొడుకు ఫ్లాట్‌లో పెడితే ఆ నడకతోనే పదేళ్ళు పడకుండా ఉండొచ్చు. ఆ ఫ్లాట్ బాత్రూంలో మొదటి వారమే పడనూ వచ్చు.

ఇక్కడ ఒక పరిశోధన పేరు చెప్పి ఎదురు వాదన చేయొచ్చు. కెనడాలో రెండు సంరక్షణ గృహాల్లో కెమెరాలకి చిక్కిన 227 పడుటల్ని 2013లో రాబినోవిచ్ బృందం ఒక్కొక్కటీ చూసి కారణాలు రాసింది. ఒంటి బరువుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చుకోవడంలో తేడా రావడం 41 శాతం, కాలికి ఏదో తగిలి తూలడం 21 శాతం, జారడం కేవలం 3 శాతం. అంటే జారుడు నేల పెద్ద కారణం కాదు కదా, మనిషి తూకమే కదా అసలు సంగతి? అక్కడ నిజమే. ఆ వీడియోలు తీసింది భోజనాల హాళ్ళు, వరండాల లాంటి అందరూ తిరిగే చోట్ల, పొడి నేల మీద, దీపాల వెలుగులో. బాత్రూంలో కెమెరా ఉండదు. ఆ 3 శాతాన్ని పట్టుకొచ్చి శ్రావణమాసంలో ముమ్మిడివరం పెరటికి అతికించలేం. ఆ 41 శాతాన్ని మాత్రం పట్టించుకోవాలి, ఎందుకంటే బరువు మార్చుకోవడం ఏ నేల మీదైనా చేయవలసిన పనే, నడుం సెన్సార్ పట్టుకోగలిగింది కూడా దాన్నే.

ముప్పు అంటే మందుల డబ్బా కూడా. బీపీ బిళ్ళ, నిద్ర బిళ్ళ, షుగర్‌కి రెండు, ప్రోస్టేట్‌కి ఒకటి. పడుకుని లేచాక మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే కళ్ళు తిరిగి పడే అవకాశం ఉంది. దీన్ని పట్టుకోవడానికి సెన్సార్ అక్కర్లేదు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే చాలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కూడా ఆ మిషన్ ఉంటుంది, కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపేయడం అలవాటు, అంతే తేడా. శుక్లాలు, కాళ్ళ తిమ్మిర్లు, పగిలిన చెప్పు, ఇవన్నీ ఇదే కోవలోవి.

సెన్సార్ మోడళ్ళ గురించి "95 శాతం కచ్చితత్వం" లాంటి మాటలు వింటుంటాం. వాటిని కొంచెం గీరి చూడాలి. ఈ రంగంలో 40 పరిశోధనల్ని ఒకచోట పెట్టి 2013లో హౌక్రాఫ్ట్ బృందం చూసినప్పుడు, సెన్సార్ కట్టాక ఎవరు పడతారో ఎదురుచూసి లెక్కగట్టినవి 15 శాతమే. మిగతావాటిలో చాలావాటిలో గతంలో పడినవాళ్ళు వీళ్ళు, పడనివాళ్ళు వీళ్ళు అని ముందే విడదీసి ఆ తేడాని సెన్సార్ చెప్పగలదా అని చూశారు, లేదా కుర్చీ పరీక్షలాంటి పాత పరీక్షతో పోల్చారు. ఒకసారి పడిన మనిషి భయంతో నడక మార్చుకుంటాడు, అడుగు చిన్నదవుతుంది, గోడ పట్టుకుంటాడు. అప్పుడు సెన్సార్ చూస్తున్నది పడటానికి కారణమా, పడినందువల్ల వచ్చిన ఫలితమా? పైగా యాభై మంది మనుషుల నుంచి వందల కొలతలు తీసి, అందులో బాగా కుదిరిన అయిదారింటిని ఏరుకుని, ఆ యాభై మంది మీదే పరీక్షిస్తే మంచి మార్కులు రాక ఏమవుతాయి. తరవాత జరిగిన పెద్ద పరిశోధనలు కొంచెం నెమ్మదిగా మాట్లాడాయి. 2016లో నెదర్లాండ్స్‌లో 319 మందితో చేసినదాంట్లో ప్రశ్నలడిగి కనుక్కునేదానికి పైన రోజువారీ నడక కొలతలు మరికొంత కలుపుతాయని తేలింది. మరికొంత, అంతే.

కచ్చితత్వం బాగానే ఉందనుకున్నా లెక్క ఎలా తేలుతుందో చూడండి. ఒక ఊళ్ళో 65 దాటినవాళ్ళు వంద మంది, ఏడాదిలో ముప్పై మంది పడతారు అనుకుందాం. పడేవాళ్ళలో 80 శాతాన్ని పట్టుకునే, పడనివాళ్ళలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసే సెన్సార్ ఉందనుకుందాం, ఇది మంచి సెన్సార్ కిందే లెక్క. అది 24 మందిని పట్టుకుంటుంది, ఆరుగురిని వదిలేస్తుంది, పడని 14 మందికి ఊరికే ఎర్ర దీపం వెలిగిస్తుంది. పరవాలేదు. కానీ పిల్లల భయం మామూలుగా పడటం గురించి కాదు కదా, ఎముక విరగడం గురించి. వందలో అలాంటివాళ్ళు అయిదుగురే అనుకుంటే అదే సెన్సార్ నలుగురిని పట్టుకుంటుంది, 19 మందిని ఊరికే భయపెడుతుంది. భయపెట్టడం చిన్న విషయం కాదు. "మీకు ముప్పు ఎక్కువ" అని ముద్ర వేశాక పెద్దావిడ నూతి గట్టుకి వెళ్ళడం మానేస్తుంది, కోడలు మంచం దిగనివ్వదు, మూడు నెలల్లో తొడ కండ కరిగిపోతుంది, అప్పుడు నిజంగానే ముప్పు ఎక్కువవుతుంది.

అంచనా వేసినంత మాత్రాన ఎముకలు విరగడం ఆగదని ఇంగ్లండ్‌లో పెద్ద ఎత్తునే తేలింది. 70 దాటిన 9,803 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కొందరికి పోస్టులో సలహా కాగితం మాత్రమే పంపారు, మిగతావాళ్ళని ప్రశ్నలతో జల్లెడ పట్టి ముప్పు ఉన్నవాళ్ళకి వ్యాయామమో, మందులు, చూపు అన్నీ చూసే వైద్యమో ఇచ్చారు. ఎముకలు విరగడంలో తేడా రాలేదు. ఇది సెన్సార్లతో చేసింది కాదు, నిజమే, కానీ జల్లెడ కొత్తదైనా పాతదైనా, కింద పడ్డదాన్ని ఏం చేయాలో తెలియకపోతే ఒకటే. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఆసుపత్రిలో ఉన్న రోగులకి ఇలా మార్కులు వేసే పద్ధతులే వాడొద్దంది, వయసు మళ్ళిన రోగులందరినీ ముప్పు ఉన్నవాళ్ళుగానే చూడమంది.

మరి పనిచేసేది ఏది అంటే, తూకం నిలబెట్టే వ్యాయామం. వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ వాళ్ళు 2019లో 108 ప్రయోగాల్ని పరిశీలిస్తే వ్యాయామం చేసినవాళ్ళలో పడటం 23 శాతం తగ్గింది. ఒంటికాలి మీద నిలబడటం, పట్టుకోకుండా కూర్చుని లేవడం, గీత మీద మడమకి వేలు ఆన్చి నడవడం, ఇలాంటివి. ఉత్త వాకింగ్ వల్ల తగ్గుతుందని మాత్రం గట్టిగా చెప్పలేకపోయారు, "రోజూ కాలవగట్టు మీద వాకింగ్ చేస్తున్నానుగా" అనే రిటైర్డ్ మాస్టార్లు ఇది చదవాలి.

ఇంత చెప్పాక సెన్సార్ దేనికి అంటారేమో. ఒక పనికి బాగుంటుంది: ఒకే మనిషిని అతనితోనే పోల్చడానికి. వేరేవాళ్ళ నడకతో నేర్చుకున్న మోడల్ ఇచ్చే ఎర్ర దీపం, పచ్చ దీపం కంటే, ఫలానా ఆయన సెప్టెంబర్‌లో వసారాలో ఎలా నడిచాడు, జనవరిలో అదే వసారాలో ఎలా నడిచాడు అన్నది చాలా నికరమైన సంగతి. నేల అదే, ఉత్త కాళ్ళు అవే, కాబట్టి మారింది మనిషే. జ్వరం వచ్చి తగ్గాక నడక మళ్ళీ మునుపటికి వచ్చిందా లేదా, కొత్త బీపీ బిళ్ళ మొదలుపెట్టాక మలుపు దగ్గర ఎక్కువ సేపు పడుతోందా, శుక్లం ఆపరేషన్ తరవాత మెరుగైందా, వీటికి జవాబు అందులో ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి అయిదు నిమిషాలు, బెల్టు కట్టి, అదే చోట నాలుగు సార్లు అటూ ఇటూ నడిపించి, పీట మీంచి మూడు సార్లు లేపితే చాలు. వారం పాటు ఉక్కపోతలో కట్టి ఉంచక్కర్లేదు. దానితోపాటు 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు అడగమన్న మూడు ప్రశ్నలు అడగాలి: ఏడాదిలో పడ్డారా, నిలబడ్డప్పుడో నడిచేటప్పుడో తూలినట్టుంటోందా, పడతానేమో అని భయముందా. మూడో ప్రశ్నకి నిజం చెప్పించాలంటే కోడలు పక్కన లేనప్పుడు అడగాలి.

ఎవరు చేస్తారు అన్నది తేలని ముడి. ఆశా కార్యకర్త చేతిలో ఇప్పటికే మోయలేనన్ని యాప్‌లున్నాయి. వయోవృద్ధుల ఆరోగ్యం కోసం 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం కాగితం మీద పీహెచ్‌సీ దాకా వస్తుంది, ఫిజియోథెరపిస్ట్ మాత్రం పీహెచ్‌సీ దాకా రావడం తక్కువ. ప్రైవేటు కంపెనీలు వస్తే సమాచారం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, ఎన్నింటికి లేచారు, ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్ళారు అన్నవి కూడా అందులో ఉంటాయి, కొడుక్కి కూడా అవన్నీ తెలియనక్కర్లేదని నాన్నకి అనిపించొచ్చు. వాచీ బీరువాలోకి వెళ్ళిపోయే ఇళ్ళలో చార్జింగ్ బద్ధకంతోపాటు ఈ కారణమూ ఉంటుంది, బయటికి చెప్పరు.

డెల్టాకి పనికొచ్చే మోడల్ కావాలంటే డెల్టాలోనే ఒక పరిశోధన జరగాలి. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉన్న మెడికల్ కాలేజీకి ఇది మించిన పని కాదు. ఉత్త కాళ్ళ నడక, నేల మీంచి లేవడం, గడప దాటడం, చేలగట్టు, తడి గచ్చు, ఇవి వేరువేరుగా గుర్తు పెట్టి రికార్డు చేయాలి, సార్వా ఊడ్పులప్పుడు ఒకసారి, కాలవలు కట్టేశాక ఒకసారి. ఆ తరవాత ఏడాది పాటు నెలనెలా ప్రతి ఇంటికీ ఫోన్ చేసి పడ్డారా అని అడగాలి, ఎందుకంటే ఏడాది చివర ఒకేసారి అడిగితే సగం మర్చిపోతారు, మిగతా సగం దాచేస్తారు. ఖర్చులో సెన్సార్ల వాటా చిన్నది. పన్నెండు నెలలు ఓపిగ్గా ఫోన్లు చేసి, "ఆ, చిన్నగా కాలు జారిందిలే అమ్మా" అన్నదాన్ని కూడా రాసుకునే మనిషి జీతమే పెద్దది, గ్రాంటు దరఖాస్తుల్లో అందరికంటే ముందు కొట్టేసే పద్దు కూడా అదే.